ఒకే పంక్తి: కర్మవీర్ భావురావ్ పాటిల్

సావనీర్ కమిటీ వాళ్లు ఫోన్ చేసి మెస్ జ్ఞాపకాలు రాయమన్నారు. ఐదేళ్లు ఆ మెస్‌లో తిన్నవాణ్ణి కనుక నీళ్ల పప్పు గురించీ, ఆదివారం గుడ్డు గురించీ, కంచాలు కడిగే కుళాయి దగ్గర తగాదాల గురించీ రాస్తాననుకున్నారేమో. అవి నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే నలుగురున్నారు. నేను మాత్రం మన బడి గేటు ఎన్నడూ చూడని, మన బడి పుట్టకముందే కన్నుమూసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తాను. పేద పిల్లల్ని ఒకచోట ఉంచి, అన్నం పెట్టి, చదువు చెప్పించే పనికి మన పొరుగున మహారాష్ట్రలో దారి వేసినవాళ్లలో ఆయనొకరు. ఆయన కథ చదివాకే మన మెస్‌లో ఏం జరిగిందో నాకు అర్థమైంది.

భావురావ్ పాటిల్ 1887 సెప్టెంబర్ 22న కొల్హాపూర్ ప్రాంతంలోని కుంభోజ్‌లో, ఒక జైన కుటుంబంలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. చదువు కోసం కుర్రాణ్ణి కొల్హాపూర్ పంపారు. అక్కడ అప్పటికే ఒక గొప్ప పని మొదలై ఉంది. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ పల్లెల నుంచి వచ్చే పిల్లల కోసం వసతి గృహాలు కట్టిస్తున్నారు. మరాఠాలకు ఒకటి, జైనులకు ఒకటి, లింగాయతులకు ఒకటి, ముస్లింలకు ఒకటి, అంటరానివారుగా చూడబడిన పిల్లలకు ఒకటి. ఇలా వేరువేరుగా ఎందుకంటే, ఆ రోజుల్లో అందరికీ కలిపి ఒకే వంటిల్లు పెడితే ఏ తల్లిదండ్రులూ పిల్లల్ని పంపేవారు కాదు. ముందు పిల్లలు బడికి రావడమే ముఖ్యం.

భావురావ్ జైన వసతి గృహంలో ఉండేవారు. అంటరాని పిల్లల కోసం కట్టిన మిస్ క్లార్క్ హాస్టల్ ప్రారంభోత్సవానికి ఆయన వెళ్లొచ్చారు. స్నానం చేసి మైల తీర్చుకుంటేనే భోజనానికి రావాలని హాస్టల్ పెద్దలు పట్టుబట్టారు. తనకేమీ మైల అంటలేదని ఆయన స్నానం చేయలేదు. హాస్టల్ విడిచిపెట్టాల్సి వచ్చింది. చేయాల్సింది ఒక్క స్నానం. ఎవరికీ నష్టం లేదు, చెంబెడు నీళ్లు పోసుకుంటే గొడవ తీరిపోయేది. ఆ వయసులో అంత చిన్న విషయానికి నిలబడ్డం ఎంత కష్టమో నాకు తెలుసు. అది తర్వాత చెబుతాను.

ఆయన్ను బయటికి పంపిన పెద్దల్లో అణ్ణాసాహెబ్ లఠ్ఠే ఒకరు. కొన్నేళ్ల తర్వాత, 1914లో, కొల్హాపూర్‌లో బ్రిటిష్ రాజవంశపు విగ్రహాలకు ఎవరో తారు పూశారు. ఆ కేసులో లఠ్ఠేకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని పోలీసులు భావురావ్‌ను పట్టుకుపోయి హింసించారు. పాత కక్ష తీర్చుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. ఆయన అబద్ధపు సాక్ష్యం చెప్పలేదు, జైల్లో ఉన్నారు.

మెట్రిక్ దాటని చదువు ఆయనది. సాతారాలో ట్యూషన్లు చెప్పి బతికారు. తర్వాత కిర్లోస్కర్ కంపెనీ ఇనుప నాగళ్లు అమ్ముతూ ఊరూరా తిరిగారు. నాగలి కొనే రైతుకు సంతకం రాదు, ఆయన కొడుకు పశువుల వెంట ఉంటాడు. ఆ తిరుగుడులోనే తన పనేమిటో ఆయనకు తేలిపోయింది. 1919 అక్టోబర్ 4న కరాడ్ దగ్గర కాలే గ్రామంలో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించారు. రయత్ అన్నా మన రైతు అన్నా ఒకటే మాట. గుర్తుగా మర్రిచెట్టును పెట్టుకున్నారు. ఊడలు దిగి మళ్లీ చెట్లవుతాయని.

1924లో సాతారాలో హాస్టల్ మొదలుపెట్టారు. శాహూ మహారాజ్ వేరువేరు ఇళ్లు కడితే, ఆయనను గురువుగా భావించిన ఈయన ఒక అడుగు ముందుకు వేశారు. అన్ని కులాల పిల్లలకూ ఒకే కప్పు, ఒకే పొయ్యి, ఒకే పంక్తి. 1927లో గాంధీజీ సాతారా వచ్చినప్పుడు ఆయన చేతుల మీదుగా ఆ హాస్టల్‌కు శాహూ మహారాజ్ పేరే పెట్టించారు.

ఆ పొయ్యి వెలిగించింది భార్య లక్ష్మీబాయి. అక్కడివారు ఆమెను ఇప్పటికీ లక్ష్మీ వహిని అంటారు. వహిని అంటే వదిన. మడీ ఆచారం ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, అన్ని కులాల పిల్లల ఎంగిలి కంచాలున్న ఇంట్లో అమ్మ అయ్యారు. హాస్టల్‌కు డబ్బు చాలనప్పుడల్లా ఆమె నగలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. ఒకసారి భావురావ్ చందాల కోసం ఊళ్లు తిరుగుతుండగా ఇంట్లో గింజలు నిండుకున్నాయి. ఆకలితో ఉన్న పిల్లల్ని చూడలేక ఆమె మెడలోని మంగళసూత్రం తీసి అమ్మకానికి ఇచ్చేశారు. 1930లో ఆమె కన్నుమూశారు. మనం ఆయన విగ్రహాలనే చూస్తాం. ఆయన సంస్థకు మొదటి దాత ఆమె.

ఊరికే అన్నం పెట్టడం ఆయన పద్ధతి కాదు. పిల్లలు పొలం దున్నారు, బావులు తవ్వారు, రాళ్లు కొట్టారు. కష్టం చేసి తిన్నవాడు ఎవరి ముందూ తలవంచడని ఆయన నమ్మకం. 1935లో గ్రామీణ ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల, 1940లో బరోడా పాలకుడు సయాజీరావ్ పేరుతో హైస్కూలు, 1947లో సాతారాలోనే ఛత్రపతి శివాజీ కళాశాల వచ్చాయి. ఆ కళాశాలలో పేద విద్యార్థి రోజూ కొన్ని గంటలు పనిచేసి తన చదువు ఖర్చు తానే సంపాదించుకోవచ్చు. దీన్నే అక్కడ కమవా, శికా అన్నారు.

1948లో ప్రభుత్వానికీ ఆయనకూ చెడి గ్రాంటు ఆగిపోయింది. అయినా హాస్టళ్లు మూతపడలేదు. పల్లెల వాళ్లు, పాత విద్యార్థులు చేతనైనంత పంపారు. గ్రాంటు తర్వాత మళ్లీ వచ్చింది. 1959లో పద్మభూషణ్, పుణె విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ వచ్చాయి. అదే ఏడాది మే 9న ఆయన పోయారు. ప్రజలు కర్మవీర్ అని పిలుచుకున్న ఆ మనిషి ఖద్దరు కట్టి, ఎక్కువగా చెప్పుల్లేకుండానే నడిచారు.

ఇక నా సంగతి. ఏడో తరగతి దసరా సెలవులకు నా పక్క మంచం మిత్రుణ్ణి మా ఊరు తీసుకెళ్లాను. రెండేళ్లుగా మెస్‌లో పక్కపక్కనే కూర్చుని తింటున్నాం, నా కంచంలో వంకాయ వాడు తీసుకునేవాడు, వాడి గుడ్డులో సగం నాకిచ్చేవాడు. మా నాయనమ్మ మర్యాదగా వాడి ఇంటిపేరు, ఊరు అడిగింది. తర్వాత వాడికి వసారాలో విస్తరి వేసింది, నాకు లోపల కంచం పెట్టింది. నేను లోపలికి వెళ్లి తిన్నాను. వాడు తిని, విస్తరి తానే ఎత్తి దొడ్డివైపు పారేసి వచ్చాడు. మర్నాడు మొదటి బస్సుకు వెళ్లిపోయాడు. బడి తెరిచాక ఎప్పటిలాగే మెస్‌లో నా పక్కన కూర్చున్నాడు. ఆ సంగతి ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు.

కొల్హాపూర్ కుర్రాడు స్నానం చేయనన్నాడు. నేను వసారాలోకి నా కంచం పట్టుకెళ్లలేకపోయాను. మెస్ నాకు పక్కన కూర్చోవడం నేర్పింది. గేటు దాటాక కూడా అలా కూర్చోవడం నేను నేర్చుకోవాల్సింది, నేర్చుకోలేదు. పెళ్లిళ్లలో, పంపకాల్లో, పిల్లల సంబంధాల్లో మనలో ఎంతమందిమి నేర్చుకున్నామో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఉత్సవ కమిటీకి ఒక్క మనవి. ఆహ్వాన పత్రికలో ముఖ్య అతిథులకు, దాతలకు స్టాఫ్‌రూమ్‌లో విడిగా భోజనం అని ఉంది. దయచేసి అది మార్చండి. కలెక్టరైనా, కాంట్రాక్టరైనా, ఇంకా కూలికి పోతున్న మన బ్యాచ్ వాడైనా పాత మెస్ హాల్లో నేలమీద ఒకే వరసలో కూర్చుందాం. మోకాళ్లు వంగనివాళ్లకు కుర్చీలు వేయండి, అదే వరసలో.

నా మిత్రుడు వస్తున్నాడని తెలిసింది. వాడి పక్కన నాకు చోటు ఉంచండి. ఆ దసరా సంగతి ఈసారి నేనే ఎత్తుతాను.