చిన్న నమూనాతో సముద్రాన్ని లెక్కగట్టిన విలియం ఫ్రూడ్

నడిసముద్రంలో చమురు తీయడానికి లంగరు గొలుసులతో నిలిపే తేలే వేదికలను ఇంజినీర్లు ఇప్పుడు ముందుగా కంప్యూటర్‌లో పరీక్షిస్తున్నారు. గాలి, అలలు, ప్రవాహం కలిసి వేదికను ఎంత ఊపుతాయో, ఏ గొలుసుపై ఎంత లాగుడు పడుతుందో లెక్కగడతారు. ఆ లెక్కల్లో ఒక ఆంగ్లేయుడి పేరు పదేపదే వస్తుంది. ఆయన విలియం ఫ్రూడ్. చనిపోయి 140 ఏళ్లు దాటింది.

ఫ్రూడ్ 1810 నవంబరు 28న ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో, డార్టింగ్టన్‌లో పుట్టారు. తండ్రి చర్చి అధికారి. అన్న హరెల్ ఆక్స్‌ఫర్డ్ మతోద్యమంలో, తమ్ముడు జేమ్స్ ఆంథొనీ చరిత్ర రచనలో పేరు తెచ్చుకున్నారు. విలియం మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చదివి రైల్వే ఇంజినీరయ్యారు. 1837 నుంచి ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్ దగ్గర బ్రిస్టల్–ఎక్సెటర్ రైలు మార్గం పనుల్లో ఉన్నారు. 1846లో, వృద్ధుడైన తండ్రిని చూసుకునేందుకు ఆ వృత్తి వదిలి ఇంటికి తిరిగొచ్చారు.

ఆయనను ఓడల వైపు తిప్పింది బ్రునెలే. 211 మీటర్ల పొడవుతో, అప్పటివరకు ఎవరూ కట్టనంత పెద్దదిగా తయారవుతున్న గ్రేట్ ఈస్టర్న్ అలల్లో ఎలా ఒరుగుతుందో తేల్చమని అడిగారు. ఫ్రూడ్ దొరకబట్టిన విషయం ఊయల ఊపిన ఎవరికైనా అర్థమవుతుంది. ప్రతి ఓడకూ తనదైన ఊగే లయ ఉంటుంది. అలల లయ దానితో కలిస్తే చిన్న అలలు కూడా ఓడను ప్రమాదకరంగా ఊపేస్తాయి. ఒరిగిన వెంటనే నిటారుగా లేచే ఓడే క్షేమమన్న నమ్మకం అన్నివేళలా నిజం కాదని 1861లో ఆయన ప్రకటించిన పత్రం చూపింది.

తర్వాతి ప్రశ్న ఇంకా కష్టమైనది. కట్టబోయే ఓడను నడపడానికి ఎంత శక్తి కావాలి? అప్పట్లో చిన్న నమూనాలను లాగి చూసేవారు గానీ ఆ ఫలితాలు పెద్ద ఓడకు సరిపోయేవి కావు. 1867లో ఫ్రూడ్ ‘స్వాన్’, ‘రేవెన్’ అనే రెండు ఆకారాల్లో 3, 6, 12 అడుగుల నమూనాలు చేయించి డార్ట్ నదిలో లాగించారు. పొడవు 16 రెట్లు తగ్గితే వేగం 4 రెట్లు తగ్గించాలి. అంటే వేగాన్ని పొడవు వర్గమూలం నిష్పత్తిలో మార్చాలి. అప్పుడే నమూనా లేపే అలలు పెద్ద ఓడ అలల ఆకారంలో ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఈ సూత్రం అంతకుముందే చెప్పినవారున్నారు. కానీ నీటి రాపిడి ఈ సూత్రానికి లొంగదని గుర్తించి, దాన్ని పలకలపై విడిగా కొలిచి, లెక్కలో విడిగా కలపడం ఫ్రూడ్ చేసిన పని.

ఈ పద్ధతిని అందరూ నమ్మలేదు. ఓడల నిరోధంపై ఏర్పాటైన బ్రిటిష్ అసోసియేషన్ కమిటీ అసలు ఓడలనే లాగి చూడాలంది. సభ్యుడిగా ఉన్న ఫ్రూడ్ విభేదించారు. 1870లో నౌకాదళ శాఖ ఆయనకు 2,000 పౌండ్లు మంజూరు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త యుద్ధనౌక కెప్టెన్ గాలివానలో బోల్తా పడి 470 మందికి పైగా చనిపోయారు. కొత్త ఆకారపు ఓడను అంచనాల మీదే సముద్రంలోకి పంపితే ఏమవుతుందో దేశమంతా చూసింది.

ఫ్రూడ్ తన ఇంటి పక్కనే, టార్కీలో, దాదాపు 85 మీటర్ల పొడవున కప్పు వేసిన నీటి తొట్టి కట్టించారు. 1872లో అందులో పారాఫిన్ మైనంతో చేసిన నమూనాలు లాగడం మొదలైంది. మైనమైతే ఆకారం మార్చడం తేలిక, చిత్తుదాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. అంతకుముందే ఆయన గ్రేహౌండ్ అనే నిజమైన యుద్ధనౌకను యాక్టివ్ అనే మరో నౌకతో సముద్రంలో లాగించి, నిరోధాన్ని కొలిపించారు. నమూనా నుంచి వేసిన లెక్క ఆ కొలతకు దగ్గరగా వచ్చింది. నమూనాను నమ్మమని అడిగే ముందు దాన్ని సముద్రం దగ్గరే సరిచూపించుకున్న మనిషి ఆయన.

1879 మే 4న, నౌకాదళ అతిథిగా చేసిన సముద్రయానంలో, దక్షిణాఫ్రికాలోని సైమన్స్‌టౌన్‌లో ఫ్రూడ్ అనారోగ్యంతో మరణించారు. నౌకాదళ లాంఛనాలతో అక్కడే ఖననం చేశారు. కుమారుడు రాబర్ట్ ఎడ్మండ్ పని కొనసాగించారు. టార్కీ తొట్టి స్థానంలో 1886లో హాస్లర్‌లో కొత్తది వచ్చింది.

ఇవాళ తేలే వేదిక లెక్కలో మొదటి పదాల్లో ఒకటి ఫ్రూడ్–క్రిలోవ్ బలం. వేదిక అక్కడ ఉండడం వల్ల అల చెదరదనుకుంటే, ఆ అల పీడనం వేదికపై చూపే బలం అది. వేదిక ఊగే లయ అలల లయకు దూరంగా ఉండేలా చూడడం కూడా ఆయన నేర్పిన పాఠమే. కానీ ఇంజినీర్లు విరివిగా వాడే సాఫ్ట్‌వేర్లు నీటికి జిగట లేదనుకుని లెక్కిస్తాయి. అందుకే ఒరుగుడును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తాయి. సరిచేయడానికి నమూనాను ఒరిగించి వదిలి, ఊపు ఎంత వేగంగా తగ్గుతుందో కొలుస్తారు. ఫ్రూడ్ ఓడలతో చేసిన పరీక్ష అదే.

తొట్టికీ హద్దులున్నాయి. 2,000 మీటర్ల లోతు సముద్రాన్ని 50 రెట్లు తగ్గించినా 40 మీటర్ల లోతు తొట్టి కావాలి. అలాంటివి ప్రపంచంలోనే అరుదు. అందుకే గొలుసులను కుదించి పరీక్షించి, మిగతా భాగాన్ని కంప్యూటర్‌కు వదిలేస్తారు. ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. ఏదీ ఒంటరిగా చాలదు.

కాకినాడ తీరానికి దూరంగా, కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టిన లోతైన సముద్ర బ్లాక్‌లో లంగరేసిన తేలే నౌకే చమురును నిల్వచేస్తుంది. తుపాన్లు తిరిగే ఈ బంగాళాఖాతంలో లెక్క తప్పితే ప్రమాదంలో పడేది అందులో పనిచేసే మనుషులే. విశాఖపట్నంలోని నౌకా పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవున్న తొట్టి ఉంది. అందులో నమూనాను లాగేటప్పుడు ఎంచుకునే వేగం ఇప్పటికీ ఫ్రూడ్ చెప్పిన నిష్పత్తిలోనే ఉంటుంది.