వెలుగును చదివిన వైను బప్పు

సర్జాపుర రోడ్డు నగరంలోకి వచ్చి చేరే కోరమంగలలో భారత ఖగోళ భౌతిక సంస్థ ఉంది. మన పిల్లల్లో ఎందరో ఆ దారిన వెళ్తుంటారు. ఆ సంస్థను నిలబెట్టినవారు మనలి కల్లత్ వైను బప్పు. (మన బొమ్మల బాపు వేరు, ఈయన వేరు.)

వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం కేరళలోని కన్నూరు ప్రాంతానిది. తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు కాబట్టి పెరిగింది అక్కడే. ఊళ్లో ఉర్దూ, తెలుగు. ఇల్లు మాత్రం మలయాళీలది. ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఇంకొకటి అయితే చదువు ఏమవుతుందోనన్న బెంగ మనకు కొత్త కాదు. ఈ అబ్బాయికి మాత్రం తండ్రి పనిచేసే చోటే రెండో బడి అయింది. నిజాం కాలేజీలో చదివే రోజుల్లోనే నక్షత్రాలను గమనించి వ్యాసాలు ప్రచురించారు.

పై చదువుకు అమెరికాలోని హార్వర్డ్ వెళ్లారు. 1949లో, చేరిన కొద్ది నెలలకే, తాను తీసిన ఫొటోలో కొత్త తోకచుక్క కనిపించింది. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు నిండలేదు.

అయినా ఆయన అసలు పని వర్ణపటంతో. వీధి చివర మసక దీపం కనబడితే అది చిన్నదా, దూరంగా ఉన్న పెద్దదా చెప్పలేం. నక్షత్రాలతోనూ అదే చిక్కు. వాటి వెలుగును రంగులుగా విడదీస్తే నల్లని గీతలు కనిపిస్తాయి. సూర్యుడివంటి, అంతకన్నా చల్లని నక్షత్రాల్లో కాల్షియం గీత నడుమ సన్నని వెలుగు ఉంటుంది. అది ఎంత వెడల్పైతే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువని ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో బప్పు చూపించారు. అసలు కాంతి తెలిస్తే దూరం లెక్కకొస్తుంది.

అప్పటికే దేశానికి తిరిగొచ్చి నైనీతాల్‌లో పనిచేస్తున్నారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ బాధ్యత తీసుకున్నారు. తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును వెతికి పట్టుకున్నారు. 1971లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ ఖగోళ భౌతిక సంస్థగా స్వతంత్రమైంది. తర్వాత దాని ప్రధాన కార్యాలయం బెంగళూరుకు మారింది. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడైన తొలి భారతీయుడు ఆయనే.

మసక వస్తువుల వెలుగు పట్టాలంటే పెద్ద అద్దం కావాలి. విదేశాల్లో కొనకుండా 2.3 మీటర్ల టెలిస్కోపును మన దేశంలోనే చేయించాలని పట్టుబట్టారు. కాలయాపన తప్పలేదు. గుండె శస్త్రచికిత్సకు జర్మనీ వెళ్లిన బప్పు 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు, 55 ఏళ్లకే. టెలిస్కోపు 1986లో ఆయన పేరుతోనే కావలూరులో మొదలైంది.

కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలు అతినీల కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి. దానిలో చాలా భాగాన్ని మన గాలిపొర ఆపేస్తుంది కాబట్టి పరికరాన్ని ఆకాశంలోకే పంపాలి. 2015లో ఆస్ట్రోశాట్‌తో వెళ్లిన అతినీల టెలిస్కోపును సిద్ధం చేయడంలో ముందు నిలిచింది బప్పు సంస్థే. వెలుగును రంగులుగా విడదీసే గ్రేటింగులు కూడా దానిలో ఉన్నాయి. నక్షత్రాలు పుడుతున్న ఒక గెలాక్సీ, 930 కోట్ల కాంతి సంవత్సరాల అవతలిది, ఆ టెలిస్కోపుకు చిక్కిందని పుణేలోని ఐయూకా శాస్త్రవేత్తల బృందం 2020లో ప్రకటించింది.