ఉదయశంకరుడు

ఉత్తరాఖండ రాష్ట్రమున అల్మోరా యను కొండపట్టణము కలదు. దానికి సమీపమున సిమ్తోలా యను నొక ఎత్తైన గట్టు. దేవదారు, సరళ వృక్షముల నడుమ ఆ గట్టుపై నిలిచి చూచినచో, ఆకాశము నిర్మలముగా నున్న దినములలో, నందాదేవి మొదలగు హిమశిఖరములు తెల్లగా మెఱయుచు కనబడును. 1940వ సంవత్సర ప్రాంతమున అచ్చట ప్రతి ఉదయము తాళవాద్యముల ధ్వని వినబడుచుండెడిది. దేశపు నలుమూలలనుండి వచ్చిన యువతీయువకులు ఒక విశాలమైన శాలలో వరుసగా నిలిచి, లయ ననుసరించి నడచుట నేర్చుకొనుచుండిరి. నడచుటకు గూడ గురువు కావలయునా యని మీకు నవ్వు రావచ్చును. కాని ఆ ఆశ్రమమును స్థాపించిన మహాశిల్పి తన శిష్యులకు మొట్టమొదట నేర్పినది నడకయే. ఆయన పేరు ఉదయశంకరుడు.

ఉదయశంకరుడు 1900వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన రాజస్థానమందలి ఉదయపురమున జన్మించెను. ఆ నగరము పేరే బాలునకు పెట్టబడినది. తండ్రి శ్యామశంకరుడు వంగదేశీయుడైన బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. ఝాలవార్ సంస్థానమున ఉన్నతోద్యోగము చేసెను. తల్లి హేమాంగినీదేవి. తండ్రి ఉద్యోగరీత్యా దూరమున నుండుటచే బాలుని చిన్నతనము చాలవఱకు గాజీపురమునకు దగ్గరనున్న నస్రత్‌పురమను పల్లెలో మాతామహుని యింట గడచెను.

ఆ పల్లెలో మాతాదీను అను నర్తకు డుండెను. అతడు అస్పృశ్యులని సంఘము వెలివేసిన కులమునకు చెందినవాడు. పెద్దలు అతని నీడ సోకినను మైలయని తలచు కాలమది. బ్రాహ్మణ బాలుడైన ఉదయశంకరుడు మాత్రము అతడాడు చోటికి పోయి కన్నార్పక చూచుచుండెను. తరువాత లోకమంతయు తిరిగి ఎందరెందరో మహానర్తకులను చూచినను, ఆ పల్లెటూరి ఆట ఆయన మనస్సునుండి చెరిగిపోలేదు. మన వీథిభాగవతుల నాటకము చూచుచు తెల్లవాఱుదాక మేలుకొన్నవారికి ఈ సంగతి వేఱుగా చెప్ప నక్కఱలేదు.

అయినను ఆ బాలుడు నర్తకుడగునని ఎవరును అనుకొనలేదు. అతనికి బొమ్మలు గీయుటయం దాసక్తి మెండు. 1918లో బొంబాయి నగరమందలి జె. జె. కళాశాలలో చేరి చిత్రలేఖన మభ్యసించెను. 1920లో లండనుకు పోయి రాయల్ కళాశాలలో ప్రవేశించెను. ఆ కళాశాలకు విలియం రోథెన్‌స్టెయిను అధ్యక్షుడు. ఆయన రవీంద్రనాథ ఠాకూరునకు మిత్రుడు. భారతీయ శిల్పమును ప్రేమించినవాడు. పాశ్చాత్య చిత్రకారుల ననుకరింపబోయిన శిష్యుని దృష్టిని ఆయన స్వదేశ కళవైపు త్రిప్పెను. భారతదేశమున పుట్టిన యువకుడు భారతీయ శిల్పముల గొప్పతనమును లండను నగరమున గ్రహించుట చిత్రమే. నాటి మన విద్యావిధాన మట్టిది.

ఆ రోజులలో శ్యామశంకరుడు గూడ లండనులో నుండి, అప్పుడప్పుడు భారతీయ ప్రదర్శనములను ఏర్పాటు చేయుచుండెను. వానిలో కుమారుడు నృత్యము చేసెడివాడు. ఆ వార్త రష్యాదేశపు ప్రఖ్యాత నర్తకి అన్నా పావ్లోవా చెవిని పడెను. ఆమె 1922లో మన దేశమున పర్యటించి, భారతీయ ఇతివృత్తములతో నృత్యము కూర్పవలెనని తహతహలాడుచుండెను. ఉదయశంకరుడు ఆమె కొఱకు హిందూ వివాహము, రాధాకృష్ణులు అను రెండు నృత్యరూపకములు కూర్చెను. 1923లో లండనులోని కోవెంట్ గార్డెన్ నాట్యశాలలో పావ్లోవా రాధగను, ఆయన కృష్ణుడుగను నర్తించిరి. పిదప ఆమె బృందముతో కలిసి ఆయన అమెరికాయందు పలు నగరములు తిరిగెను. కుంచె నాటితో వెనుకబడెను.

పావ్లోవా బృందమున నిలిచియుండినచో ఆయనకు జీవితమంతయు లోటు లేకుండెడిది. కాని పాశ్చాత్య నృత్యము నేర్చుకొనుటకంటె తన దేశపు నాట్యమును వెలికితీయుట మేలని ఆమెయే హితవు చెప్పెను. 1924లో ఆయన ఆ బృందమును విడిచెను. తరువాతి సంవత్సరములు కష్టదినములు. పారిసు నగరమున చేతిలో ధనము లేక, చిన్న చిన్న వినోదశాలలలో ఆడి పొట్ట పోసికొనెను. ఆ కాలముననే సిమోన్ బార్బియే అను ఫ్రెంచి యువతి ఆయన శిష్యురాలై, సిమ్కీ యను పేరుతో అనేక సంవత్సరములు ఆయనతో నర్తించెను. స్విట్జర్లాండు దేశపు శిల్పి ఆలిస్ బోనరు కూడ ఆయన ప్రతిభను గుర్తించి అండగా నిలిచెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలయును. ఉదయశంకరుడు చిన్ననాటినుండి ఏ గురువునొద్దను శాస్త్రోక్తముగా నాట్యము నేర్చినవాడు కాడు. అడవులు, జతులు, అభినయ ముద్రలు వరుసగా సాధన చేసిన విద్వాంసులు ఆయనను తప్పుపట్టిరి. ఆ విమర్శ నిరాధారము కాదు. ఆయన నాట్యవిద్య రాతి శిల్పములనుండియు, పటములనుండియు, పల్లెల ఆటలనుండియు పుట్టినది. 1930లో ఆయన ఆలిస్ బోనరుతో కూడి భారతదేశమునకు వచ్చి దేవాలయములను, గుహలను దర్శించి, శిలలలో నిలిచిపోయిన భంగిమలను కన్నులలో నింపుకొనెను. విగ్రహము ఒక్క క్షణమును మాత్రమే చూపును. ఆ క్షణమునకు ముందేమి, వెనుకనేమి యని ఊహించి, రాతికి కదలిక కల్పించుట ఆయన పని యయ్యెను. ఆయనలోని చిత్రకారుడు మరణింపలేదు; కాగితమునకు బదులు రంగస్థలముపై గీయ నారంభించెను.

పారిసునకు మరలునపుడు ఆయన ఒంటరిగా పోలేదు. తల్లిని, తమ్ములను, బంధువులను వెంటగొని, సరోదు విద్వాంసుడు తిమిరవరుణుడు, విష్ణుదాసు శిరాలీ మొదలగు సంగీతజ్ఞులతో ఒక బృందము కూర్చెను. తమ్ములలో కడపటివాడు రవికి అప్పుడు పది యేండ్లు. అతడే తరువాత సితారు వాద్యమున జగద్విఖ్యాతుడైన రవిశంకరుడు. 1931 మార్చి నెలలో పారిసున ఈ బృందము తొలి ప్రదర్శన మిచ్చెను. ప్రేక్షకులు ముగ్ధులైరి. అనంతరము ఐరోపా ఖండమంతయు తిరిగి, 1932 చివర అమెరికాకు పోయిరి. వింత యేమనగా, ఆ రోజులలో మన దేశమున గౌరవ కుటుంబములవారు నృత్యమును చూచుటకే సంకోచించుచుండగా, ఇంద్రుడు, శివతాండవము మొదలగు మన పురాణగాథల నృత్యములకు విదేశములలో నాట్యశాలలు నిండిపోవుచుండెను.

ఇంత కీర్తి వచ్చినను ఆయనకు తృప్తి కలుగలేదు. ఓడనుండి రైలునకు, రైలునుండి విడిదికి తిరుగుచు, చేసిన నృత్యమునే మరల మరల చేయుట నిజమైన సాధన కాదని తోచెను. ఇంగ్లాండులో డార్టింగ్టన్ హాలు అను చోట ఎల్మ్‌హర్స్టు దంపతులు నడుపుచున్న కళాకేంద్రమును చూచిన పిదప ఆయన కోరికకు ఒక రూపమేర్పడెను. లెనార్డ్ ఎల్మ్‌హర్స్టు పూర్వము శాంతినికేతనము చెంత శ్రీనికేతనమున రవీంద్రునితో పనిచేసినవాడు. ఆ డార్టింగ్టన్ గ్రామసీమలో నర్తకులు, నటులు పట్టణముల కోలాహలమునకు దూరముగ ఒక్కచోట నివసించుచు ప్రయోగములు చేయుచుండిరి. అట్టి ఆశ్రమము మన దేశమున ఏల యుండరాదు? ఎల్మ్‌హర్స్టు కుటుంబము ధనసహాయము చేసెను. ఉదయశంకరుడు హిమాలయముల ప్రక్కన అల్మోరాను ఎన్నుకొనెను. 1938లో ఆయన తన బృందమును చాలించి అచ్చట భారతీయ సంస్కృతి కేంద్రమును నెలకొల్పెను.

ఆ కేంద్రమునకు ఆయన రావించిన గురువుల పేర్లు విన్నచో ఆశ్చర్యము కలుగును. కథాకళికి శంకరన్ నంబూద్రి. భరతనాట్యమునకు బాలసరస్వతి గురువైన కందప్ప పిళ్ళె. మణిపురి నృత్యమునకు అమోబీ సింహుడు. సంగీతమునకు ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాను. ఒక్కొక్కరు ఒక్కొక్క సంప్రదాయమునకు నిధి. తాను చిన్ననాట పొందలేని శిక్షణమును శిష్యులకు లోపము లేకుండ ఇప్పింపవలెనని ఆయన తలచియుండును. విమర్శకులకు ఇంతకంటె మంచి ప్రత్యుత్తరము వేఱొకటి లేదు. 1941లో రవిశంకరునకు అల్లాఉద్దీన్ ఖాను కుమార్తె అన్నపూర్ణతో వివాహము జరిగినదియు అల్మోరాలోనే.

గురువు లందఱు తమ తమ సంప్రదాయములను బోధించుచుండ, ఉదయశంకరుడు తాను వేఱొక తరగతి నడిపెడివాడు. అందు ఏ సంప్రదాయపు ముద్రలును లేవు. మొదట నడక. వ్రేళ్ళు, మణికట్టు, మెడ, భుజము — ఒక్కొక్క అవయవమును విడివిడిగా కదల్చుట తరువాత. ఆపైన ఏదేని ఒక భావము నిచ్చి, దానికి తగిన కదలికలను ఎవరికి వారే కల్పించుకొనుమని చెప్పెడివాడు. గురువు చేసినట్లు చేయుటకు అలవాటుపడిన విద్యార్థులకు ఇది మిక్కిలి కష్టముగా తోచెను. కొందఱు దిక్కు తోచక నిలిచిపోయెడివారు. జర్మనీలో మేరీ విగ్మను పాఠశాలలో నేర్చి వచ్చిన జొహరా యను యువతి ఆయనకు పాఠ్యక్రమము రచించుటలో తోడ్పడెను. ఆమెయే పిమ్మట నటిగా ప్రసిద్ధి చెందిన జొహరా సెహగల్. విద్యార్థులలో అమలా నందీ ఒకతె. 1931లో పదునొకండేండ్ల బాలికగా పారిసు ప్రదర్శనశాలకు తండ్రితో పోయినప్పుడు ఆమెకు శంకర కుటుంబముతో పరిచయ మయ్యెను. 1942లో ఆమె ఉదయశంకరుని వివాహమాడెను.

అచ్చట రూపొందిన వానిలో ఒక నృత్యము శ్రామికులను గూర్చినది. మనుష్యులు యంత్రములతోపాటు పనిచేయుచు, పనిచేయుచు, తామే యంత్రములైపోవుట అందు చూపబడెను. నర్తకుల చేతులే మీటలు, కాళ్ళే చక్రములు. దేవతల కథలు తప్ప నృత్యమునకు వేఱు వస్తువు లేదని తలచుచుండిన కాలమున ఇది సాహసమే. మఱియొకటి రామలీల. పెద్ద తెల్లని తెర వెనుక దీపముల నుంచి, నర్తకులు తమ నీడలతో రామాయణమంతయు ఆడిరి. దీపమునకు దగ్గరగా జరిగినవాడు రాక్షసుడంత యగును. దూరముగ పోయినవాడు చిన్నవాడగును. చుట్టుప్రక్కల కొండపల్లెలనుండి జనులు గుంపులు గుంపులుగా వచ్చి చూచిరి. తోలుబొమ్మలాట నెఱిగిన తెలుగువారికి ఆ యానంద మెట్టిదో తెలియును. బొమ్మలకు బదులు అచ్చట మనుష్యు లుండిరి, అంతియే భేదము.

ఇట్టి సంస్థ 1944లో మూతపడెను. రెండవ ప్రపంచయుద్ధము వలన విదేశములనుండి ధనము వచ్చు దారులు మూసికొనిపోయెను. వ్యయము పెరిగెను. లోపలను అభిప్రాయభేదములు కలిగెను. ఉదయశంకరుని మనస్సు గూడ చలనచిత్రము తీయుటవైపు మరలెను. ఐదేండ్ల పాఠ్యక్రమము నమ్మి వచ్చిన విద్యార్థులు చదువు ముగియకుండగనే మూటలు కట్టుకొని కొండ దిగవలసివచ్చెను. ఇందు ఆయన దోషము కొంత లేదని చెప్పజాలము. ఊహించుటలో ఆయనకు గల శక్తి, ఊహించినదానిని పదికాలములు నడుపుటలో కనబడలేదు.

కొండ దిగినవారు మాత్రము ఊరకుండలేదు. శాంతివర్ధనుడు బొంబాయిలో నృత్యబృందము నడిపి, నర్తకులు కీలుబొమ్మలవలె కదలు రామాయణ నృత్యరూపకము కూర్చెను. సచిన్ శంకరుడు బొంబాయిలోను, నరేంద్రశర్మ ఢిల్లీలోను నూతన నృత్యబృందములు స్థాపించిరి. అల్మోరాలో నేర్చిన గురుదత్తు చలనచిత్ర దర్శకుడై, హిందీ చిత్రములకు నూతన శోభ తెచ్చెను.

ఉదయశంకరుడు మదరాసునకు వచ్చి జెమినీ స్టూడియోలో కల్పన యను హిందీ చిత్రమును తీసెను. హిమాలయముల నడుమ కళాకేంద్రమును నిర్మింపవలెనని కలలు కను ఒక నర్తకుని కథ యది. కథానాయకుని పాత్ర ఆయనయే ధరించెను. అమల ప్రక్కన నర్తించెను. తరువాత దక్షిణాదిని పేరుమోసిన పద్మినికి అదియే తొలి చిత్రము. చిత్రములోని కథను వినిన నిర్మాత, ఇది డబ్బు తెచ్చునది కాదని త్రోసిపుచ్చును. 1948లో విడుదలయైన తరువాత ఆ చిత్రమునకు నిజముగ పట్టిన గతియు దాదాపు అదియే. మెచ్చినవారు మెచ్చిరి గాని పెట్టిన ధనము రాలేదు.

కడపటి సంవత్సరములు ఆయన కలకత్తాలో గడపెను. రవీంద్రుని రచనల నాధారముగ గొని 1961లో సామాన్యక్షతి యను రూపకమును, 1966లో ప్రకృతి ఆనందమును ప్రదర్శించెను. 1970లో డెబ్బదియేండ్లు నిండుచుండగా రంగస్థలమును, చలనచిత్రమును కలిపి శంకరస్కోపు అను క్రొత్త ప్రయోగము చేసెను. 1971లో భారత ప్రభుత్వ మాయనకు పద్మవిభూషణ బిరుద మొసగెను. 1977 సెప్టెంబరు 26వ తేదీన ఆయన కలకత్తాలో మరణించెను. 1965లో ఆ నగరమున ఆయన పేర స్థాపింపబడిన నాట్యకేంద్రమును అమల ఆ తరువాతను చాలకాలము నడిపెను.

అల్మోరాలో కూర్చిన నృత్యములను చూడగోరువారికి నేడు మిగిలినది కల్పన చిత్రమొక్కటే. దాని ప్రతులు పాడైపోవుచుండగా, చలనచిత్రములను కాపాడు అంతర్జాతీయ సంస్థ యొకటి దానిని బాగుచేయించి, 2012లో ఫ్రాన్సుదేశపు కాన్ నగరమున ప్రదర్శింపజేసెను. ఆ ప్రదర్శనమునకు అమలాశంకరు వెళ్ళెను. అప్పటికి ఆమె వయస్సు తొంబది దాటెను. దీపములు ఆర్పిన పిదప తెరపై యౌవనములో నున్న తానును, ఉదయశంకరుడును నర్తించుచుండుట ఆమె మరల చూచెను.