డిగ్రీ లేదన్నారు... డిక్షనరీ రాశాడు!

బ్యాంకు పరీక్షకో, గ్రూప్స్‌కో, క్యాంపస్ సెలక్షన్లకో తయారవుతున్న వాళ్లలో చాలామంది దగ్గర ఓ నోటుబుక్ ఉంటుంది. ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగు అర్థం, మధ్యలో నిలువు గీత. రోజుకు ఇరవై పదాలు. నేనూ ఒకప్పుడు అలాంటి పుస్తకం ఒకటి నింపాను. నెల తర్వాత తిరగేస్తే సగం పదాలు కొత్తగా కనిపించాయి. గుర్తున్నవాటిని వాక్యంలో పెట్టబోతే ఎక్కడో తేడా కొట్టేది. పదానికి పక్కన ఒక అర్థం రాసేస్తే పనైపోదన్న సంగతి 270 ఏళ్ల క్రితం ఇంకొకరికి చాలా కష్టం మీద తెలిసొచ్చింది. అతడి పేరు శామ్యూల్ జాన్సన్. ఇంగ్లిష్ డిక్షనరీ అంటే చాలాకాలం జనానికి గుర్తొచ్చింది అతడి పుస్తకమే. అయితే ఆ పనికి రాకముందు జాన్సన్ కూడా ఉద్యోగం దొరకని కుర్రాడే. ఆ కథ ముందు చూద్దాం.

జాన్సన్ 1709లో ఇంగ్లండ్‌లోని లిచ్‌ఫీల్డ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి మైఖేల్‌ది పుస్తకాల దుకాణం. ఆదాయం కన్నా అప్పులే ఎక్కువ. పసితనంలో సోకిన గండమాల వ్యాధి మొహం మీద మచ్చలు మిగిల్చింది. ఒక కంటి చూపు బాగా దెబ్బతింది, వినికిడీ అంతంతమాత్రమే. పైగా తనకు తెలియకుండానే తల ఊపడం, చేతులు తిప్పడం, ఏవో శబ్దాలు చేయడం. అది టూరెట్ సిండ్రోమ్ అయి ఉండొచ్చని ఇప్పటి వైద్యులు కొందరు అంటారు. అప్పటి జనానికి మాత్రం అదో వింత. ఇన్ని ఇబ్బందుల మధ్య కుర్రాడికి ఒక్క సుఖం... దుకాణంలో చేతికందిన పుస్తకమల్లా చదవొచ్చు. సిలబస్ లేదు, వరస లేదు, ఏది దొరికితే అది.

1728లో ఆక్స్‌ఫర్డ్‌లోని పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. అప్పటికే తోటివాళ్ల కన్నా చాలా ఎక్కువ చదివినవాడు. కానీ డబ్బు లేదు. బూట్లు చిరిగి కాలివేళ్లు బయటికి కనిపిస్తుంటే, ఎవరో జాలిపడి గది తలుపు దగ్గర కొత్త జత పెట్టి వెళ్లారట. జాన్సన్ వాటిని తీసి విసిరేశాడు. పదమూడు నెలలు గడిచాక ఫీజుకు దారి లేక ఇంటికొచ్చేశాడు. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. 1731లో తండ్రి కూడా పోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు వరసగా ఎదురుదెబ్బలే. 1732లో ఓ బడిలో సహాయ ఉపాధ్యాయుడిగా చేరి, యాజమాన్యంతో పడక కొద్ది నెలల్లోనే మానేశాడు. 1735లో సోలిహల్ స్కూలు పెద్దలు అతడి గురించి వాకబు చేసి, చదువు బాగానే ఉంది కానీ గర్విష్ఠి అనీ, మొహం వంకర్లు తిప్పడం చూసి పిల్లలు పాడవుతారనీ వద్దనేశారు. అదే ఏడాది తనకన్నా ఇరవై ఏళ్లు పెద్దదైన ఎలిజబెత్ పోర్టర్ అనే వితంతువును పెళ్లిచేసుకుని, ఆవిడ డబ్బుతో సొంతంగా బడి పెట్టాడు. చేరింది గుప్పెడు మంది పిల్లలు. వాళ్లలో తర్వాతి రోజుల్లో గొప్ప రంగస్థల నటుడైన డేవిడ్ గ్యారిక్ ఒకడు. బడి మూతపడింది. 1737లో గురుశిష్యులిద్దరూ బతుకుదెరువు వెతుక్కుంటూ లండన్ దారిపట్టారు.

లండన్‌లో 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' అనే పత్రికలో రాత పని దొరికింది. పార్లమెంటు చర్చలను పత్రికలు అచ్చు వేయకూడదని అప్పట్లో నిషేధం. ఎవరో విని తెచ్చిన చిన్నపాటి వివరాల ఆధారంగా, పేర్లు మార్చి, జాన్సన్ ఆ ప్రసంగాలను దాదాపు సొంతంగా రాసేవాడు. పని ఉంది గానీ నిలకడ లేదు. 1739లో ఒక బడిలో హెడ్మాస్టర్ పోస్టు ఖాళీ ఉందని తెలిసింది. నిబంధన: ఎంఏ ఉండాలి. డబ్లిన్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ ఇప్పించడానికి ఓ పెద్దమనిషి సిఫార్సు లేఖ కూడా రాశాడు. ఫలితం లేదు. పోస్టు పోయింది. చదువు బుర్రలో ఉండి, చేతిలో కాగితం లేకపోతే ఎలా ఉంటుందో మీలో కొందరికి వేరే చెప్పక్కర్లేదు.

1746లో లండన్ పుస్తక వ్యాపారులు కొందరు కలిసి అతడి దగ్గరికి ఒక పని తెచ్చారు. ఇంగ్లిష్‌కు మంచి డిక్షనరీ కావాలి. అప్పటికే ఉన్నవాటిలో చాలావరకు కష్టమైన పదం, పక్కన చిన్న అర్థం... అంతే. అంటే మన నోటుబుక్ లాంటివే. ఒప్పందం 1,575 పౌండ్లకు కుదిరింది. సహాయకుల జీతాలు, కాగితాల ఖర్చు అన్నీ అందులోంచే. మూడేళ్లలో ఇచ్చేస్తానన్నాడు జాన్సన్. ఫ్రెంచి అకాడమీలో 40 మంది సభ్యులు ఇదే పని మీద దశాబ్దాలు గడిపారని తెలిసి కూడా! లండన్‌లోని గాఫ్ స్క్వేర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని, మేడ మీద గదిలో బల్లలు వేసి, ఆరుగురు సహాయకులను పెట్టుకున్నాడు. అందులో ఐదుగురు స్కాట్లండ్ వాళ్లు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా మార్చారు.

పని పద్ధతి ఇలా ఉండేది. జాన్సన్ ముందు పదాలు రాసుకోలేదు; పుస్తకాలు చదివాడు. షేక్‌స్పియర్, మిల్టన్, డ్రైడెన్, బేకన్, లాక్, బైబిల్... సాహిత్యమే కాదు, వైద్యం, న్యాయశాస్త్రం, తోటపని పుస్తకాలు కూడా. చదువుతూ ఏదైనా వాక్యంలో ఒక పదం చక్కగా ఒదిగిందనిపిస్తే దాని కింద పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. మార్జిన్లో ఆ పదం మొదటి అక్షరం వేసేవాడు. సహాయకులు ఆ వాక్యాన్ని కాగితం మీదకి ఎక్కించి అక్షరాల వరసలో సర్దేవారు. స్నేహితుల దగ్గర అరువు తెచ్చిన పుస్తకాలు కూడా ఈ గీతలతోనే తిరిగి వెళ్లేవి. వాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఒక పదానికి ఇన్ని అర్థాలుంటాయని ముందే లెక్కవేసుకుని, నోటు పుస్తకాల్లో ఆ మేరకు చోటు వదిలి రాయడం మొదలుపెట్టాడు. సేకరించిన వాక్యాలు వాటిలో ఇమడలేదు. ఒక్కో వాక్యంలో పదం ఒక్కోలా ప్రవర్తిస్తోంది. అర్థాల వరస మారిపోతోంది, ఖాళీ చాలడం లేదు. మూడేళ్ల గడువు దాటింది, అడ్వాన్సు డబ్బు కరిగిపోతోంది, వ్యాపారులు అసహనంగా ఉన్నారు. అప్పటిదాకా రాసిన ముసాయిదాను చాలావరకు పక్కనపెట్టి, పని మళ్లీ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. నా లెక్కలో అతడి జీవితంలోకెల్లా పెద్ద నిర్ణయం ఇదే. ముందు వాక్యాలు పరిచి చూసుకోవడం, వాటిలోంచి అర్థాలు తీయడం, ఒక్కోదానికి నంబరు వేసి కింద ఉదాహరణ ఇవ్వడం.

దీని విలువ తెలియాలంటే 'టేక్' అనే చిన్న పదం చూడండి. నోటుబుక్‌లో మనం రాసుకునేది తీసుకొను అని. మరి టేక్ మెడిసిన్ అంటే మందు వేసుకోవడం. టేక్ ఎ బస్ అంటే బస్సెక్కడం. టేక్ ఎ ఫొటో... తీయడం. టేక్ ఎ సీట్... కూర్చోవడం. టేక్ యాన్ ఎగ్జామ్... పరీక్ష రాయడం. ఇట్ టేక్స్ టైమ్ అన్నప్పుడు సమయం పడుతుంది అంటాం. ఇంగ్లిష్‌లో ఒకే క్రియ, తెలుగులో ఆరు. ఇంటర్వ్యూలో ఎగ్జామ్‌కి 'రైట్' వాడాలా 'టేక్' వాడాలా అని తడబడేది ఇక్కడే. జాన్సన్ ఈ ఒక్క పదానికే వందకు పైగా అర్థాలు విడదీసి చూపించాడు. మన బ్రౌన్ దొర కూడా 1850ల్లో అచ్చయిన తెలుగు నిఘంటువులో పదాల వాడుకను చూపడానికి కావ్యాల నుంచి, వేమన నుంచి ఉదాహరణలు ఇచ్చాడు. పదం ఒంటరిగా ఉన్నప్పుడు దాని సంగతి తెలియదన్నది ఆ ఇద్దరి పుస్తకాల్లోనూ కనిపిస్తుంది.

పని నడుస్తుండగానే 1752లో భార్య చనిపోయింది. జాన్సన్ చాలా కుంగిపోయాడు. ఇక డబ్బు సాయం చేస్తాడని ఆశపడిన చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు మొదట్లో పది పౌండ్లు ఇచ్చి మరి పట్టించుకోలేదు. డిక్షనరీ పూర్తికావచ్చిందని తెలిశాక మాత్రం పత్రికలో మెచ్చుకుంటూ వ్యాసాలు రాశాడు. కష్టంలో ఆదుకోని పెద్దమనిషి గట్టుకు చేరాక చేయందించడం తనకు అక్కర్లేదన్న భావంతో జాన్సన్ 1755 ఫిబ్రవరిలో అతడికో ఉత్తరం రాశాడు. మర్యాద ఎక్కడా తప్పని ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ ఇంగ్లిష్ విద్యార్థులు చదువుతారు.

1755 ఏప్రిల్ 15న డిక్షనరీ వెలువడింది. రెండు భారీ సంపుటాలు, 42,773 పదాలు, లక్షకు పైగా ఉదాహరణ వాక్యాలు. దానికి కొద్దివారాల ముందే ఆక్స్‌ఫర్డ్ అతడికి ఎంఏ ఇచ్చింది. డిక్షనరీ మొదటి పేజీలో పేరు పక్కన ఆ డిగ్రీ అచ్చయింది. 1739లో దారి చూపని డబ్లిన్ కూడా 1765లో డాక్టరేట్ ఇచ్చింది. డాక్టర్ జాన్సన్ అన్న పిలుపు అలా వచ్చింది.

పేరొచ్చింది కదా అని డబ్బొచ్చిందనుకోకండి. 1756లో ఆరు పౌండ్లు కూడా లేని అప్పుకు అరెస్టయ్యాడు. నవలాకారుడు రిచర్డ్‌సన్ డబ్బు పంపి ఆదుకున్నాడు. 1759లో తల్లి అంత్యక్రియల ఖర్చుల కోసం రోజూ సాయంత్రాలు కూర్చుని వారంలో 'రాసెలస్' అనే కథ రాశాడు. 1762లో గానీ ఊపిరాడలేదు. ప్రభుత్వం ఏటా 300 పౌండ్ల పెన్షన్ ఇచ్చింది. తమాషా ఏంటంటే డిక్షనరీలో పెన్షన్ అనే పదానికి, దేశద్రోహానికి ఇచ్చే కూలి లాంటిదని అర్థమొచ్చేలా చురక వేసింది జాన్సనే. పత్రికలు ఊరుకుంటాయా? అయినా అతడు తీసుకున్నాడు.

1784 డిసెంబర్‌లో చనిపోయాక వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఆస్తిలో ఎక్కువ భాగం ఫ్రాన్సిస్ బార్బర్‌కు రాశాడు. అతడు జమైకాలో బానిసగా పుట్టి, జాన్సన్ ఇంట్లో పనికి చేరి, చివరిదాకా తోడున్న మనిషి.

అంత పెద్ద డిక్షనరీలో తప్పులు లేవా అంటే, ఉన్నాయి. 'ప్యాస్టర్న్' అంటే గుర్రం గిట్టకు కాస్త పైన ఉండే భాగం. జాన్సన్ దాన్ని మోకాలు అని రాశాడు. ఎందుకలా రాశారని ఒకావిడ మొహంమీదే అడిగింది. ఆవిడ ఏదో పెద్ద వివరణ వస్తుందనుకుంది. తెలియక రాశానని సూటిగా ఒప్పుకున్నాడు, అంతే. ఇంటర్వ్యూ గదిలో తెలియనిదానికి రెండు నిమిషాలు చుట్టూ తిప్పి చెప్పేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ జవాబు గుర్తొస్తుంది. 1773లో వెలువడిన నాలుగో ముద్రణ కోసం అరవై దాటిన జాన్సన్ మళ్లీ డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాడు. పాత ఉదాహరణలు కొన్ని తీసేసి, కొత్తవి చేర్చి, వేలకొద్దీ మార్పులు చేశాడు. గుర్రం ప్యాస్టర్న్ కూడా అప్పుడే మోకాలి నుంచి దిగి గిట్ట దగ్గరికి చేరింది.