బోదకాలు మాత్ర వెనుక భీమవరం మనిషి

మందుల ధరలపై రాజధానిలో చర్చ సాగినప్పుడల్లా కంపెనీల పేర్లు మారుమ్రోగుతాయి. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావును తలచువారు మాత్రం అరుదు.

1895లో భీమవరంలో జన్మించిన ఆయన, స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి సోదరులను బలి ఇచ్చుకొన్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసివచ్చింది. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి, కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలికితీసినా, అక్కడ స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు.

ఆ పిమ్మట ఎనిమిదేళ్లలో ఆయన బృందం సాధించినది అసాధారణం. స్ప్రూ రోగుల రక్తహీనతకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాని ప్రభావాన్ని అడ్డగించే అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించారు. బోదకాలు క్రిములను చంపే డైఈథైల్‌కార్బమజీన్ కూడా ఆ ప్రయోగశాల ఫలమే.

1948 ఆగస్టులో, 53వ ఏట ఆయన కన్నుమూశారు. స్వదేశంలో తపాలా బిళ్ల వెలువడడానికి 1995 వరకు, అనగా శతజయంతి వరకు, వేచియుండవలసివచ్చింది!

మందు మాత్రం ముందే వచ్చింది. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం దానినే ఆశ్రయించింది. 2004 నుంచి ఆంధ్రదేశం, ఛత్తీస్‌గఢ్ వంటి ప్రాంతాలలో ప్రభుత్వం ఇంటింటా ఉచితంగా పంచినది ఆ మాత్రనే. అయినను, చేత పుచ్చుకొని గూట్లో పెట్టేవారు ఎందరో. అందుచేతనే తమ ఎదుటనే మింగించాలని ఆరోగ్య కార్యకర్తలకు ఆదేశం.