నవ్వని హాస్యనటుడు

లోకమును నవ్వించిన నటులు పలువురు కలరు. తాను పెదవి కదపక నవ్వించినవాడు బస్టర్ కీటన్. ఇతడు 1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన అమెరికా దేశమున, కాన్సాస్ రాష్ట్రమందలి పికా అను పల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు ఊరూర తిరిగి వినోద ప్రదర్శనము లిచ్చు నటులు.

బాలుని దుస్తులకు వెనుకవైపున ఒక పిడి కుట్టించి, తండ్రి వానిని రంగస్థలముమీద ఇటునటు విసరుచుండెడివాడు. చూపరుల కిది వినోదము. బాలల రక్షణసంఘముల వారికి మాత్రము ఆగ్రహకారణము. దెబ్బ తగులకుండ పడుట యెట్లో బాలు డప్పుడే నేర్చెను. పడి లేచి తాను నవ్వినచో జనులు నవ్వరనియు, మొగము బిగించుకొనినచో విరగబడి నవ్వుదురనియు కనిపెట్టెను. ఆ మొగమే అతనికి తరగని పెట్టుబడి యయ్యెను.

1917లో కీటన్ చలనచిత్ర రంగమున ప్రవేశించెను. అవి మూగచిత్రముల దినములు. కొలది యేండ్లలోనే అతడు స్వయముగా చిత్రములు తీయసాగెను. 1924లో ఒక చిత్రమునకై నీటితొట్టి ధార క్రింద పట్టాలపై పడగా మెడయెముక చిట్లెను; ఆ సంగతి చాల యేండ్లకు గాని తెలియరాలేదు. 1928లో వెలువడిన 'స్టీంబోట్ బిల్ జూనియర్' చిత్రమున ఒక యింటి ముందుగోడ అతనిపై కూలును. దాని బరువు రెండు టన్నులు. గోడ పడునపుడు కిటికీ సందు సరిగా తనపై వచ్చునట్లు అతడు నిలువవలెను. ఇరువైపుల ఎడము కొలది అంగుళములే. గోడ కూలెను, కీటన్ కదలక నిలిచియుండెను. దీనిని మెచ్చుకొనవలెనో, మందలింపవలెనో చెప్పుట కష్టము.

ఆ యేడే అతడు ఎం.జి.ఎం. అను పెద్ద సంస్థలో చేరెను. జీతము ఘనమే గాని స్వాతంత్ర్యము పోయెను. కథలో నేమి, హాస్యములో నేమి, ఇతరుల మాటయే చెల్లెను. అతడు మద్యపానమునకు లోబడెను, సంసారము చెడెను, 1933లో సంస్థవారు తొలగించిరి. కొన్నేండ్లకు అదే సంస్థలో ఇతర నటులకు హాస్యఘట్టములు కల్పించి యిచ్చు చిరుద్యోగి యయ్యెను. 1940లో ఎలినార్ నారిస్‌ను వివాహమాడిన పిదప జీవితము కుదుటపడెను.

1957లో పారమౌంట్ సంస్థ అతని జీవితమునే 'ది బస్టర్ కీటన్ స్టోరీ' అను చిత్రముగా వెలువరించెను. దర్శకుడు సిడ్నీ షెల్డన్; కీటన్ పాత్రధారి డొనాల్డ్ ఓకానర్. పడుటలు, లేచుటలు ఓకానర్‌కు నేర్పినవాడు కీటనే. అయినను చిత్రమున సత్యము మిక్కిలి స్వల్పము. పెండ్లి కథ కల్పితము, తక్కినదియు చాలవరకు కల్పితమే. బ్రదికియున్న మనిషి యెదుటనే అతని బ్రదుకును మార్చి చూపుట వింతయే గదా! చిత్రము ప్రేక్షకుల మెప్పు పొందలేదు.

కాని కథాహక్కుల క్రింద కీటన్‌కు 50,000 డాలర్లు ముట్టెను. ఆ ధనముతో లాస్ ఏంజెలెస్ చెంత వుడ్‌లాండ్ హిల్స్‌లో ఒక యిల్లు కొనెను. 1926లో వెలువడినపుడు నష్టపడిన 'ది జనరల్' అను అతని రైలుబండి చిత్రము మరల ఆదరణ పొందసాగెను. 1960లో గౌరవ ఆస్కారు లభించెను. 1965లో వెనిస్ చిత్రోత్సవమున ప్రేక్షకులు నిలిచి కరతాళధ్వనులు చేసిరి.

ఆ యింటి పెరటిలో అతడు కోళ్లను పెంచెను. బొమ్మరైలు పట్టాలు వేసి దానిపై అతిథులకు ఫలహారములు పంపుచుండెను. 1966వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఆ యింటనే కన్నుమూసెను.