వనసంరక్షకుడు హ్యూ క్లెగ్‌హార్న్

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు కొండలును గుట్టలును గల మెరకసీమలు. మదనపల్లె చెంత ప్రవహించు బాహుదానది నీరు చెయ్యేటి ద్వారా పెన్నను చేరును. పాలారు కుప్పము సీమ మీదుగా సాగి తమిళదేశమున ప్రవేశించును. ఇచట పెక్కుచోట్ల నున్నవి పలుచని ఎఱ్ఱనేలలు. కొండవాలులందు చెట్టుచేమలు ఉన్నంతకాలము వాననీరు మెల్లగా నేలలోనికి ఇంకును. జనము పెరిగి, వంటచెరకు కొఱకును సేద్యము కొఱకును ఆ వాలులు బోడివైనచో, పెద్దవాన కురిసినప్పుడెల్ల మన్ను కొట్టుకొనిపోయి చెరువులను పూడ్చివేయును. పైనున్న పొలమునకు సారము తగ్గును. క్రిందనున్న చెరువునకు లోతు తగ్గును. ఇట్టి కీడును నూటడెబ్బది యేండ్లకు పూర్వమే గుర్తించి పాలకులను హెచ్చరించినవారిలో హ్యూ క్లెగ్‌హార్న్ ముఖ్యుడు.

ఈతడు 1820వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన మద్రాసు నగరమున జన్మించెను. తండ్రి అచటి సుప్రీముకోర్టులో ఉద్యోగి. క్లెగ్‌హార్న్ పసితనముననే స్కాట్లండునకు పంపబడి, తాతగారి యెస్టేటులో పెరిగెను. ఎడింబరోలో వైద్యవిద్య ముగించి, 1842లో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో చేరి, తాను పుట్టిన దేశమునకు తిరిగి వచ్చెను.

మైసూరు రాజ్యమునందలి శివమొగ్గలో పనిచేయు కాలమున, రోగులకు చికిత్స చేయుటతోపాటు మొక్కలను పరిశీలించుటయు ఆతనికి నిత్యకృత్యమయ్యెను. దినమునకొక మొక్కకు చిత్రము వ్రాయించుట ఆతని నియమము. తరువాతి కాలమున గోవిందు అను భారతీయ చిత్రకారుడు ఆతని కొఱకు అనేక చిత్రములు వ్రాసెను. శివమొగ్గ ప్రాంతముననే, అడవులు నఱకబడి తగులబెట్టబడుటను క్లెగ్‌హార్న్ కన్నులార చూచెను.

అనారోగ్యముచే 1848లో స్వదేశమునకు వెళ్లిన క్లెగ్‌హార్న్ ఊరకుండలేదు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుల సంఘము కోరికపై, అడవుల నాశనమువలన ఉష్ణదేశములకు కలుగు నష్టములను గూర్చి మిత్రులతో కలిసి 1851లో ఒక నివేదిక సమర్పించెను. అడవి నశించిన నీటియూటలు ఎండునని, నేల క్షీణించునని ఆ నివేదిక హెచ్చరించెను.

మద్రాసునకు మరలివచ్చి, వైద్యకళాశాలలో వృక్షశాస్త్రాచార్యుడుగా నుండగా, 1856లో గవర్నరు హారిస్ ప్రభువు ఆతనికి అటవీశాఖను నెలకొల్పు భారమును అప్పగించెను. ఆ సంవత్సరముననే మద్రాసు నుండి మొదటి రైలు నడిచెను. పట్టాల క్రింది దుంగలకును, యంత్రముల వంటచెరకునకును లెక్కలేనన్ని చెట్లు కావలసివచ్చెను. 1864 నాటికి కుప్పము మీదుగా బెంగుళూరునకు రైలుమార్గము ఏర్పడెను. ఒకవైపు కలప కోరు ప్రభుత్వము, వేరొకవైపు తరిగిపోవు అడవి. ఈ రెండింటి నడుమ నిలిచి, క్లెగ్‌హార్న్ అడవులలో సంచరించుచు, నఱకుటకు హద్దులు నిర్ణయించి, క్రొత్తగా మొక్కలు నాటించెను. దక్షిణదేశపు అడవులను గూర్చి 1861లో ఒక గ్రంథమును ప్రకటించెను.

అయినను ఈ సంరక్షణము బాధలేనిది కాదు. 1860లో పోడువ్యవసాయము నిషేధింపబడగా అడవిబిడ్డల బ్రతుకుతెరువు చెడెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టము కట్టుబాట్లను మరింత బిగించెను. పశువుల మేతకు చెల్లింపవలసిన పుల్లరిని పల్నాటి రైతులు ఎదిరింపగా, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించెను. అడవిని కాపాడువారు అడవిని నమ్ముకొన్నవారిని మఱచిన ఎట్టి అనర్థము కలుగునో ఈ చరిత్ర తెలుపుచున్నది.

తరువాత క్లెగ్‌హార్న్ పంజాబు, హిమాలయ ప్రాంతముల అడవులను పరిశీలించెను. ఉద్యోగము విరమించి స్కాట్లండు చేరి, అచట అటవీవిద్యాభివృద్ధికి పాటుపడి, 1895 మే 16వ తేదీన పరమపదించెను.

వాలునేలలపై గట్లు వేయుట, చెట్లు నాటుట, చెరువులలో పూడిక తీయుట నేటి రైతులు చేయవలసిన పనులు. అవి నెరవేరినచో బాహుదకును పాలారునకును నీరు, పొలమునకు మన్ను నిలుచును. మన్నును పోగొట్టుకొనుటకు ఒక్క వాన చాలును. దానిని మరల సంపాదించుటకు తరములు పట్టును.